రసాయనశాస్త్ర విభాగాల పరిశోధన ఫలితాలు, ఉల్లేఖన ప్రభావం: కొలమానాల పరిశీలన

వ్యాససంగ్రహం:
ఒక విశ్వవిద్యాలయ విభాగం చేసిన పరిశోధన విలువను ప్రచురణల సంఖ్యతోను, ఆ ప్రచురణలకు లభించిన ఉల్లేఖనాల సంఖ్యతోను అంచనా వేయడం నేడు సర్వసాధారణమైంది. ఈ పద్ధతి తొలుత రసాయనశాస్త్ర అవసరాల నుండి రూపొందింది. అక్కడి ప్రచురణ సంప్రదాయానికి తగినట్లుగా పెరిగిన కొలమానాలు క్రమంగా అన్ని శాఖలకూ వర్తింపజేయబడుతున్నాయి. రసాయనశాస్త్ర విభాగాన్ని ఉదాహరణగా తీసుకొని ఉల్లేఖన గణన ఎలా జరుగుతుందో, అందులోని ప్రధాన కొలమానాలు ఏమి చెబుతాయో, ఏమి చెప్పలేవో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం. వాల్తేరు, హైదరాబాదు రసాయనశాస్త్ర విభాగాల చరిత్రను, యల్లాప్రగడ సుబ్బారావు పరిశోధనను దృష్టాంతాలుగా గ్రహించి, ఈ కొలమానాలను తెలుగు శాఖలకు అన్వయించేటప్పుడు పాటించవలసిన జాగ్రత్తలను ఈ వ్యాసం సూచిస్తుంది.

కీలక పదాలు: ఉల్లేఖనం, రసాయనశాస్త్రం, ఇంపాక్ట్ ఫ్యాక్టర్, హెచ్-ఇండెక్స్, పరిశోధన మూల్యాంకనం, తెలుగు పరిశోధన.

1. ఉపోద్ఘాతం:

పూర్వ పరిశోధకుల మాటను పేరుతో సహా స్మరించి, దానిపై తన ప్రతిపాదనను నిలపడం శాస్త్ర సంప్రదాయం. తెలుగులో లక్షణకర్తలు తమ సూత్రాలకు కవిప్రయోగాలను లక్ష్యాలుగా చూపారు. మడికి సింగన ‘సకలనీతిసమ్మతము’లో వివిధ నీతిగ్రంథాల పద్యాలను సంకలనం చేశాడు. పెదపాటి జగ్గన ‘ప్రబంధరత్నాకరము’లో ఉదాహరించినందువల్లనే కొన్ని అలభ్య కావ్యాల పద్యాలు నేటికి దక్కాయి. అంటే, ఉల్లేఖనం ఒక గ్రంథాన్ని బతికించగల శక్తి అని తెలుగు సాహిత్యచరిత్రకు ఎప్పటినుండో తెలుసు.

ఆధునిక విద్యావ్యవస్థలో ఉల్లేఖనానికి మరొక పని అప్పగించబడింది. ఎవరు ఎవరిని ఎన్నిసార్లు ఉల్లేఖించారన్న లెక్క, పరిశోధకుల పదోన్నతులకు, విభాగాల గుర్తింపుకు, సంస్థల ర్యాంకులకు ఆధారమవుతున్నది. 2016 నుండి వెలువడుతున్న జాతీయ సంస్థాగత ర్యాంకింగ్ విధానంలో విశ్వవిద్యాలయాలకు పరిశోధన అంశం కింద 30 శాతం భారం ఉంది. అందులో ప్రచురణల సంఖ్యను, నాణ్యతను స్కోపస్, వెబ్ ఆఫ్ సైన్స్ వంటి దత్తాంశనిధుల ఆధారంగా లెక్కిస్తారు. ఒకే విశ్వవిద్యాలయంలోని రసాయనశాస్త్ర విభాగమూ, తెలుగు శాఖా ఒకే తక్కెడలో తూగవలసి వస్తున్నది. ఆ తక్కెడ నిర్మాణం తెలియకుండా దాని తీర్పును అంగీకరించడమూ సరికాదు, తిరస్కరించడమూ సరికాదు.

2. ఉల్లేఖన గణన పుట్టుక:

ఉల్లేఖనాల లెక్కింపుపై తొలి అధ్యయనాలలో ఒకటిగా పేర్కొనదగినది 1927లో ‘సైన్స్’ పత్రికలో వెలువడింది. అమెరికాలోని పొమోనా కళాశాలకు చెందిన గ్రాస్, గ్రాస్ అనే ఇద్దరు రచయితలు ఒక ఆచరణాత్మకమైన ప్రశ్న వేసుకున్నారు. చిన్న కళాశాల గ్రంథాలయం పరిమితమైన నిధులతో ఏ రసాయనశాస్త్ర పత్రికలను తెప్పించుకోవాలి? సమాధానం కోసం వారు అమెరికన్ కెమికల్ సొసైటీ పత్రిక 1926 సంపుటాన్ని తీసుకొని, అందులోని వ్యాసాలు ఏయే పత్రికలను ఎన్నిసార్లు పేర్కొన్నాయో లెక్కించారు. అక్కడ లెక్కకు వచ్చినవి పత్రికలు. వ్యక్తుల ప్రతిభను తూచడం వారి ఉద్దేశం కాదు. గ్రంథాలయ బీరువాలో ఏది ఉండాలన్నదే ప్రశ్న.

ఈ పద్ధతికి విస్తృత రూపమిచ్చినవాడు యూజీన్ గార్ఫీల్డ్. ఆయన కూడా రసాయనశాస్త్ర పట్టభద్రుడే. అమెరికా న్యాయవాదులు పూర్వ తీర్పుల జాడ తెలుసుకోవడానికి 19వ శతాబ్దం నుండి వాడుతున్న ‘షెపర్డ్స్ సైటేషన్స్’ అనే సూచిని చూసి, శాస్త్రాలకు అటువంటి సూచి ఉండాలని 1955లో ‘సైన్స్’ పత్రికలో ప్రతిపాదించాడు. 1964 నుండి ‘సైన్స్ సైటేషన్ ఇండెక్స్’ క్రమబద్ధంగా వెలువడసాగింది. భాషాశాస్త్ర విద్యార్థులకు ఆసక్తి కలిగించే విషయం ఏమంటే, గార్ఫీల్డ్ 1961లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం నుండి పొందిన డాక్టరేటు నిర్మాణాత్మక భాషాశాస్త్రంలోనిది. రసాయన పదార్థాల పేర్లను పదాంశాలుగా విడగొట్టి, వాటి నుండి అణుసూత్రాలను యాంత్రికంగా రాబట్టే విధానం ఆ సిద్ధాంతగ్రంథ విషయం. నేడు పరిశోధనను అంకెలుగా మారుస్తున్న వ్యవస్థకు మూలపురుషుడు, పదనిర్మాణ విశ్లేషణలో శిక్షణ పొందినవాడన్నమాట.

గార్ఫీల్డ్ తొలి ఉద్దేశం కూడా అన్వేషణే. ఒక పాత వ్యాసం చేతిలో ఉంటే, దాన్ని అనుసరించిన లేదా ఖండించిన తరువాతి వ్యాసాలను కనుక్కోవడానికి సూచి తోడ్పడుతుంది. వెదికే సాధనం కాలక్రమంలో తూచే సాధనంగా మారింది. సమస్యలలో చాలా భాగం ఈ మార్పు నుండి పుట్టినవే.

3. విభాగ పరిశోధనను లెక్కించే విధానం:

ఒక రసాయనశాస్త్ర విభాగం ఉల్లేఖన ప్రభావాన్ని నిర్ణయించాలంటే మొదట ‘ఆ విభాగానికి చెందిన ప్రచురణలు ఏవి?’ అన్న ప్రశ్నకు సమాధానం కావాలి. చూడడానికి సులభమైన ఈ ప్రశ్నలోనే మూడు చిక్కులున్నాయి.

3.1 పేర్లు:

పాశ్చాత్య పద్ధతిలో పేరులోని చివరి పదం వంశనామం. తెలుగువారి పేర్లలో ఇంటిపేరు ముందుంటుంది. దత్తాంశనిధి చివరి పదాన్నే వంశనామంగా గ్రహిస్తుంది కాబట్టి రావు, రెడ్డి, శాస్త్రి, కుమార్ వంటి పదాల కింద వందలాది వేర్వేరు వ్యక్తుల ప్రచురణలు గుట్టపడతాయి. ఒకే వ్యక్తి ఒకచోట పూర్తిపేరుతో, మరొకచోట పొడి అక్షరాలతో ప్రకటిస్తే ఇద్దరుగా చీలిపోతాడు. యల్లాప్రగడ సుబ్బారావు వ్యాసాలు ‘సుబ్బారో, వై.’ అన్న రూపంలో నమోదు కావడంలో యల్లాప్రగడ అనే ఇంటిపేరు ఒక్క అక్షరంగా కుంచించుకుపోయింది. ఈ గందరగోళాన్ని తగ్గించడానికే 2012 నుండి ‘ఆర్కిడ్’ అనే శాశ్వత పరిశోధక సంఖ్య అమలులోకి వచ్చింది.

3.2 చిరునామాలు:

విభాగాన్ని గుర్తించడానికి రెండవ ఆధారం వ్యాసంలో ముద్రించిన చిరునామా. ఆంధ్ర విశ్వవిద్యాలయం వాల్తేరు పేరుతోను, విశాఖపట్నం పేరుతోను కనిపిస్తుంది. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో అది కొంతకాలం గుంటూరుకు తరలింది. ఊరిపేరు మీద మాత్రమే ఆధారపడి వెదికితే ఒకే విభాగం పని రెండుమూడు ముక్కలుగా కనిపించే ప్రమాదం ఉంది. పరిశోధకుడు మరొక సంస్థకు వెళ్ళినప్పుడు ఇంకొక ప్రశ్న తలెత్తుతుంది. చిరునామాను బట్టి లెక్కిస్తే పాత వ్యాసాలు పాత విభాగానికే చెందుతాయి. ప్రస్తుత అధ్యాపకుల జాబితాను బట్టి లెక్కిస్తే అవి ఆయన వెంట వెళ్ళిపోతాయి. ఏ పద్ధతిని అనుసరించారో చెప్పని నివేదికలోని అంకెలకు అర్థం ఉండదు.

3.3 సహరచయితలు:

రసాయనశాస్త్రంలో ఒక వ్యాసానికి పలువురు రచయితలుండడం సహజం. ఒకరు పదార్థాన్ని సంశ్లేషిస్తారు, మరొకరు స్ఫటిక నిర్మాణాన్ని నిర్ణయిస్తారు, వేరొకరు గణనలు చేస్తారు. నాలుగు సంస్థలవారు కలిసి రాసిన ఒక వ్యాసానికి 80 ఉల్లేఖనాలు వచ్చాయనుకుందాం. పూర్ణగణన పద్ధతిలో నాలుగు సంస్థలకూ చెరి 80 చొప్పున జమ అవుతాయి. అంటే ఉన్న 80 ఉల్లేఖనాలు లెక్కల్లో 320 అవుతాయి. భాగగణన పద్ధతిలో ఒక్కొక్క సంస్థకు 20 మాత్రమే చేరతాయి. రెండూ వాడుకలో ఉన్న పద్ధతులే. ఒక పద్ధతిలో లెక్కించిన విభాగాన్ని వేరొక పద్ధతిలో లెక్కించిన విభాగంతో పోల్చడం మాత్రం దోషం.

4. ప్రధాన కొలమానాలు:

4.1 సగటు, మధ్యగతం:

ఉల్లేఖనాలు అన్ని వ్యాసాలకూ సమానంగా రావు. కొన్నిటికి విస్తారంగా, ఎక్కువ వాటికి స్వల్పంగా వస్తాయి. ఊహాత్మకంగా ఒక విభాగంలో పది వ్యాసాలకు వరుసగా 210, 18, 12, 9, 7, 6, 4, 2, 1, 1 ఉల్లేఖనాలు వచ్చాయనుకుందాం. మొత్తం 270, సగటు 27. పదింటిలో తొమ్మిది వ్యాసాలు ఆ సగటును అందుకోలేదు. మధ్యగతం 6.5 మాత్రమే. ఈ విభాగాన్ని ‘వ్యాసానికి 27 ఉల్లేఖనాలు గల విభాగం’ అనడం గణితపరంగా సత్యమే కానీ, వాస్తవచిత్రం అది కాదు.

4.2 హెచ్-ఇండెక్స్:

భౌతికశాస్త్రవేత్త జార్జ్ హిర్ష్ 2005లో ఈ కొలమానాన్ని ప్రతిపాదించాడు. ఒక పరిశోధకుని వ్యాసాలలో కనీసం ‘హెచ్’ సార్లు ఉల్లేఖితమైనవి ‘హెచ్’ సంఖ్యలో ఉంటే, అలాంటి వాటిలో అత్యధిక సంఖ్య ఆ పరిశోధకుని సూచిక. పై ఉదాహరణలో ఆరవ వ్యాసానికి 6 ఉల్లేఖనాలున్నాయి, ఏడవదానికి 4 మాత్రమే ఉన్నాయి. కాబట్టి సూచిక 6. మొదటి వ్యాసానికి 210కి బదులు 2100 ఉల్లేఖనాలు వచ్చినా సగటు 216కు చేరుతుంది తప్ప, సూచిక 6 దగ్గరే ఉంటుంది. ఒక్క మహత్తరమైన రచనను ఈ కొలమానం గుర్తించదు. అంతేగాక ఇది వయస్సుతో పెరుగుతుందే తప్ప తగ్గదు. వ్యాసాల సంఖ్యను మించి పోలేదు కాబట్టి, అయిదు వ్యాసాలు మాత్రమే ప్రకటించిన యువ అధ్యాపకుని సూచిక వాటి నాణ్యత ఎంతటిదైనా 5కు మించదు. విభాగానికి అన్వయిస్తే, ఎక్కువమంది అధ్యాపకులున్న విభాగానికే ఇది అనుకూలిస్తుంది.

4.3 ఇంపాక్ట్ ఫ్యాక్టర్:

ఇది పత్రికకు సంబంధించిన కొలమానం. ఒక పత్రిక గడచిన రెండేళ్ళలో ప్రకటించిన రచనలకు ఈ ఏడాది లభించిన ఉల్లేఖనాలను, ఆ రెండేళ్ళ వ్యాసాల సంఖ్యతో భాగిస్తే వచ్చే సగటు ఇది. దీని బలహీనతకు స్ఫటికశాస్త్రంలోనే ప్రసిద్ధమైన ఉదాహరణ ఉంది. జర్మనీలోని గోటింగెన్ విశ్వవిద్యాలయానికి చెందిన జార్జ్ షెల్డ్రిక్, స్ఫటిక నిర్మాణ నిర్ణయానికి తాను రూపొందించిన ‘షెల్‌ఎక్స్’ అనే కంప్యూటర్ ప్రోగ్రాముల చరిత్రను 2008లో ‘ఆక్టా క్రిస్టలోగ్రాఫికా-ఎ’ పత్రికలో ప్రకటించాడు. ఆ ప్రోగ్రాములను వాడినవారంతా ఆ వ్యాసాన్ని ఉల్లేఖించారు. సుమారు 2గా ఉన్న ఆ పత్రిక ఇంపాక్ట్ ఫ్యాక్టర్ 2009 సంవత్సరానికి 49ను దాటింది. రెండేళ్ళ గడువు ముగియగానే మళ్ళీ 2 దగ్గరకు దిగింది. ఆ నడుమ అందులో వ్యాసాలు ప్రకటించిన ఇతర పరిశోధకుల కృషి ఇరవై రెట్లు పెరగనూ లేదు, తరువాత తగ్గనూ లేదు. పత్రిక సగటును వ్యక్తి నాణ్యతకు కొలతగా తీసుకోవడం ఎంత పొరపాటో ఈ ఒక్క సంఘటన చాలు. 2012లో రూపొందిన శాన్‌ఫ్రాన్సిస్కో ప్రకటన కూడా వ్యక్తుల మూల్యాంకనానికి పత్రికల కొలమానాన్ని వాడవద్దని కోరింది.

4.4 క్షేత్రసాపేక్ష ప్రభావం:

ఒక్కొక్క శాస్త్రంలో ఉల్లేఖించే అలవాటు ఒక్కొక్క తీరుగా ఉంటుంది. రసాయనశాస్త్రంలోనే జీవరసాయన వ్యాసాలకు వచ్చినంత వేగంగా సైద్ధాంతిక రసాయన వ్యాసాలకు ఉల్లేఖనాలు రాకపోవచ్చు. సమీక్షావ్యాసాలకు మూలపరిశోధన వ్యాసాలకంటె సాధారణంగా ఎక్కువ ఉల్లేఖనాలు వస్తాయి. కాబట్టి ఒక వ్యాసానికి వచ్చిన ఉల్లేఖనాలను, అదే రంగంలో, అదే ఏడాది, అదే తరహా వ్యాసాలకు ప్రపంచవ్యాప్తంగా వచ్చిన సగటుతో భాగిస్తారు. ఊహాత్మకంగా ఒక రంగం సగటు 18 అయినప్పుడు 27 ఉల్లేఖనాలు పొందిన వ్యాసం విలువ 1.5. మరొక రంగం సగటు 2 అయినప్పుడు 3 ఉల్లేఖనాలు పొందిన వ్యాసం విలువ కూడా 1.5. ఉన్న కొలమానాలలో న్యాయానికి దగ్గరగా ఉన్నది ఇదే. అయితే భాజకం లభించాలంటే ఆ రంగపు పత్రికలన్నీ దత్తాంశనిధిలో ఉండాలి. ఈ షరతు తెలుగు శాఖలకు కీలకమైనది.

5. తెలుగునేల దృష్టాంతాలు:

5.1 వాల్తేరు:

టి. ఆర్. శేషాద్రి మాంచెస్టర్‌లో రాబర్ట్ రాబిన్సన్ వద్ద పరిశోధన చేసి, 1933లో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చేరాడు. సర్వేపల్లి రాధాకృష్ణన్ ఉపాధ్యక్షుడుగా ఉన్న కాలమది. కానుగ గింజలు, పత్తిపూలు వంటి స్థానిక వృక్షపదార్థాల నుండి ఫ్లేవనాయిడ్లను, తత్సంబంధ పదార్థాలను వేరుచేసి, వాటి నిర్మాణాన్ని నిర్ణయించే పరిశోధన ఆయన నాయకత్వంలో సాగింది. ఆ వ్యాసాలలో చాలా భాగం సి. వి. రామన్ 1934లో ప్రారంభించిన భారత విజ్ఞాన అకాడమీ ప్రొసీడింగ్స్‌లో వెలువడ్డాయి. 1949లో ఆయన ఢిల్లీ విశ్వవిద్యాలయానికి వెళ్ళాడు. 1960లో రాయల్ సొసైటీ సభ్యత్వం లభించింది.

ఆయన వాల్తేరు విడిచిన 15 సంవత్సరాలకు గాని సైన్స్ సైటేషన్ ఇండెక్స్ రాలేదు. వాల్తేరులో జరిగిన ముఖ్యమైన పనిని నేటి సూచికలతో కొలవబోతే రెండు లోపాలు ఎదురవుతాయి. ఆనాటి భారతీయ పత్రికలలోని ఉల్లేఖనాలు సంపూర్ణంగా నమోదై ఉండవు. ఆ విభాగంలో శిక్షణ పొంది ఇతర విభాగాలకు వెళ్ళిన శిష్యుల కృషి ఏ ఉల్లేఖన గణనకూ అందదు. విభాగం ఉత్పత్తి చేసేది వ్యాసాలనే కాదు, పరిశోధకులను కూడా.

5.2 యల్లాప్రగడ సుబ్బారావు:

1895లో భీమవరంలో జన్మించిన సుబ్బారావు, హార్వర్డ్ వైద్యకళాశాలలో సైరస్ ఫిస్కెతో కలిసి ఫాస్ఫరస్ పరిమాణాన్ని రంగు తీవ్రత ద్వారా నిర్ణయించే పద్ధతిని 1925లో ‘జర్నల్ ఆఫ్ బయలాజికల్ కెమిస్ట్రీ’లో ప్రకటించాడు. ఆ వ్యాసం వేలసార్లు ఉల్లేఖితమైంది. పద్ధతిని వివరించే వ్యాసాలకు ఇలాంటి ఆదరణ లభించడం రసాయనశాస్త్రంలో సాధారణం. ప్రోటీన్ పరిమాణాన్ని కొలిచే పద్ధతిపై ఆలివర్ లౌరీ బృందం 1951లో అదే పత్రికలో ప్రకటించిన వ్యాసానికి 3 లక్షలకు పైగా ఉల్లేఖనాలు వచ్చాయి.

సుబ్బారావు 1940లో లెడర్లీ ప్రయోగశాలలకు వెళ్ళిన తరువాత ఫోలిక్ ఆమ్ల సంశ్లేషణకు, క్యాన్సర్ చికిత్సకు దారితీసిన ఫోలిక్ ఆమ్ల విరోధులకు, బోదకాలు వ్యాధికి వాడే డైఇథైల్ కార్బమజీన్‌కు సంబంధించిన పరిశోధనలను నడిపించాడు. మానవాళికి ఎక్కువ మేలు చేసినవి ఈ పనులు. ఉల్లేఖనాల పట్టికలో ఆయన పేరును ఎక్కువగా నిలిపినది మాత్రం ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి. కాలక్రమంలో ‘ఫిస్కె-సుబ్బారావు పద్ధతి’ ప్రయోగశాల పరిభాషలో కలిసిపోవడంతో, మూలవ్యాసాన్ని పేర్కొనకుండానే దాన్ని వాడేవారూ పెరిగారు. ఒక రచన సర్వసమ్మత జ్ఞానంగా మారినప్పుడు దాని ఉల్లేఖనాలు తగ్గుతాయన్న ఈ విచిత్రస్థితిని సామాజికశాస్త్రవేత్త రాబర్ట్ మెర్టన్ గుర్తించాడు.

5.3 హైదరాబాదు:

1974లో ఏర్పడిన హైదరాబాదు విశ్వవిద్యాలయంలో రసాయనశాస్త్ర విభాగ నిర్మాణానికి గోవర్ధన్ మెహతా 1977 నుండి కృషి చేశాడు. అక్కడ 1979 నుండి 2009 వరకు పనిచేసిన గౌతం దేశిరాజు స్ఫటిక ఇంజనీరింగ్ అనే రంగానికి పునాదులు వేసినవారిలో ప్రముఖుడు. 1989లో ఆయన ప్రకటించిన గ్రంథం, 1995లో ‘ఆంగేవాంటే కెమీ’లో వెలువడిన వ్యాసం ఆ రంగంలో తప్పక పేర్కొనవలసిన రచనలయ్యాయి. ఆయన తరువాత బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థకు వెళ్ళాడు. హైదరాబాదు చిరునామాతో ఉన్న ఆ వ్యాసాలకు నేటికీ వస్తున్న ఉల్లేఖనాలు ఎవరివి? 3.2లో చెప్పిన ప్రశ్నకు ఇది సజీవమైన ఉదాహరణ. ఒక కొత్త రంగం మొలకెత్తడానికి అనువైన వాతావరణాన్ని కల్పించినందుకు విభాగానికి దక్కవలసిన గౌరవం ఏ సూత్రంలోనూ ఇమడదు.

6. తెలుగు శాఖలకు అన్వయం:

పై కొలమానాలు తెలుగు పరిశోధనకు ఎందుకు సరిపడవో ఇప్పుడు స్పష్టంగా చెప్పవచ్చు.

మొదటిది, ఆధారాల స్వభావం. రసాయనశాస్త్రంలో పరిశోధన ఫలితం ప్రధానంగా పత్రికావ్యాసంగా వెలువడుతుంది. తెలుగులో గ్రంథాలు, పీఠికలు, పరిష్కృత ప్రతులు, నిఘంటువులు, అభినందన సంచికలు అంతే ముఖ్యం. 1924 నుండి 1991 వరకు వెలువడిన ‘భారతి’ పత్రికలోని పరిశోధన వ్యాసాలు లేకుండా తెలుగు సాహిత్య పరిశోధన చరిత్ర లేదు. అంతర్జాతీయ ఉల్లేఖన సూచికలలో వాటికి చోటు లేదు. సూచికలో లేని పత్రికకు క్షేత్రసాపేక్ష కొలమానం కూడా న్యాయం చేయలేదు. భాజకమే లేనప్పుడు భాగహారం జరగదు.

రెండవది, కాలం. ఇంపాక్ట్ ఫ్యాక్టర్ రెండేళ్ళ గడువును పాటిస్తుంది. తెలుగులో ఒక శాసన పాఠం, ఒక కావ్య పరిష్కరణ దశాబ్దాల తరువాత కూడా ఆధారంగా నిలుస్తుంది.

మూడవది, ఉల్లేఖించే అలవాటు. ఈ లోపం తెలుగు పరిశోధకుల వైపు నుండి ఉన్నది. ‘ఆరుద్ర చెప్పినట్లు’, ‘ఒక విమర్శకుని అభిప్రాయం ప్రకారం’ అని రాసి గ్రంథం, ముద్రణ, పుట చెప్పకుండా వదిలివేసే వ్యాసాలు తక్కువేమీ కాదు. కలంపేర్లు, ఇంటిపేర్లు ఒక్కొక్కచోట ఒక్కొక్క రూపంలో కనిపిస్తాయి. తెలుగు సూచిలో ‘విశ్వనాథ’ కింద ఉండవలసిన రచయితను ఆంగ్ల పద్ధతి ‘సత్యనారాయణ’ కింద చేరుస్తుంది. యంత్రం గుర్తించలేని ఉల్లేఖనాన్ని తరువాతి తరం పరిశోధకుడూ సులభంగా గుర్తించలేడు. మూలాన్ని చేరుకునే దారి చూపనప్పుడు ఉల్లేఖన ప్రయోజనమే నెరవేరదు.

పరిశోధన పత్రికల నాణ్యతను నిర్ణయించడానికి విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2019లో అమలుచేసిన కేర్ జాబితా 2025 ఫిబ్రవరిలో రద్దయింది. పత్రికల నాణ్యతను నిర్ణయించే బాధ్యత సంస్థల మీదకు మారింది. ఈ ఖాళీలో విదేశీ దత్తాంశనిధులే ఏకైక ప్రమాణమయ్యే అవకాశం ఉంది. స్థానిక భాషలలోని పరిశోధన శ్రేష్ఠతను కాపాడాలని, రంగాల మధ్య భేదాలను గుర్తించాలని 2015లో వెలువడిన లైడెన్ మానిఫెస్టో తన పది సూత్రాలలో చెప్పింది. తెలుగు శాఖలు తమ వాదాన్ని వినిపించడానికి ఈ అంతర్జాతీయ ప్రమాణాన్నే ఆధారంగా చూపవచ్చు.

7. ముగింపు:

• ఉల్లేఖన గణన రసాయనశాస్త్ర గ్రంథాలయ అవసరాల నుండి, సమాచార అన్వేషణ నుండి పుట్టింది. వ్యక్తులకు తీర్పు చెప్పడం దాని మూలప్రయోజనం కాదు.

• పేర్లు, చిరునామాలు, సహరచయితల వాటా అనే మూడు అంశాలను ఏ విధంగా పరిష్కరించారో చెప్పని విభాగ నివేదికను పోలికకు వాడరాదు.

• సగటు, హెచ్-ఇండెక్స్, ఇంపాక్ట్ ఫ్యాక్టర్ ఒక్కొక్కటి ఒక్కొక్క అంశాన్ని చూపుతాయి. ఏ ఒక్కటీ విభాగ స్వరూపాన్ని పూర్తిగా చూపదు.

• శేషాద్రి శిష్యపరంపర, సుబ్బారావు ఔషధ పరిశోధనలు, హైదరాబాదులో స్ఫటిక ఇంజనీరింగ్ వికాసం రసాయనశాస్త్రంలో కూడా ఈ కొలమానాల పరిమితిని నిరూపిస్తున్నాయి. తమ పుట్టింటిలోనే సరిపడని కొలతలను తెలుగు శాఖలపై యథాతథంగా రుద్దడం శాస్త్రీయం కాదు.

• అదే సమయంలో, మూలగ్రంథ వివరాలను సంపూర్ణంగా, ఏకరూపంగా ఇవ్వడం, రచయిత పేరును ఒకే రూపంలో వాడడం, పాత పత్రికల వ్యాససూచికలను సిద్ధం చేయడం తెలుగు శాఖలు స్వయంగా చేయగల పనులు. ‘భారతి’ వంటి పత్రికలకు ఉల్లేఖన సూచి తయారు కావడం ఒక సిద్ధాంతగ్రంథానికి తగిన అంశం.

జగ్గన తన సంకలనంలో కావ్యం పేరు, కవి పేరు పేర్కొన్నందువల్ల అలభ్య కావ్యాల ఉనికి తెలిసింది. ఎన్నిసార్లు ఉల్లేఖించారన్న లెక్క మారుతూ ఉంటుంది. ఎవరి మాటను, ఎక్కడి నుండి, ఎందుకు తీసుకున్నారో స్పష్టంగా చెప్పిన ఉల్లేఖనమే ఏ శాస్త్రంలోనైనా తరువాతి పరిశోధనకు నిలిచే ఆధారం.